నిలిపి ఉంచిన బండి, నీరసించిన బ్రేకు



సూరత్‌లో మన తెలుగువాళ్ల బండ్లకు ఏడాదిలో రెండు మూడు సార్లు పెద్ద సెలవులొస్తాయి. ఎండాకాలం పెళ్లిళ్లకని ఇంటిల్లిపాదీ వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు ఊళ్లకు పోయినప్పుడు ఒకసారి. బతుకమ్మకు, దసరాకు పోయినప్పుడు మరోసారి. దీపావళికి మగ్గాలు ఆగిపోతాయి, లాభ పంచమి వచ్చాక గానీ బజారు మళ్లీ తెరుచుకోదు. అప్పుడూ అంతే. లింబాయత్ గల్లీల్లో మెట్ల కింద, గోడల పక్కన, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని బండ్లు వరసగా నిలబడి ఉంటాయి. డుమస్ రోడ్డు మీది ఎస్‌వీఎన్‌ఐటీలో చదివే మన పిల్లలు మే నెలలో బండికి తాళం వేసి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, మళ్లీ ఆ తాళం తీసేసరికి వానలు దంచికొడుతుంటాయి. తపతి నదికి అవతల హజీరా కర్మాగారాల్లో పనిచేసే ఇంజనీర్ల సంగతి కూడా ఇలాంటిదే.

అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లు మంచు కాలమంతా మోటారు సైకిలు గరాజులో పెట్టి, మంచు కరిగాక బయటికి తీస్తారు. తీసిన రోజు బ్రేకు పట్టదు. మనకు మంచు లేదు. కానీ మూసిన గరాజులోని పొడి చలి కన్నా, సముద్రం ఒడ్డున నాలుగు నెలల వాన, ఉప్పుగాలి బ్రేకుకు ఎక్కువ చేటు చేస్తాయని నా గట్టి నమ్మకం. ఈ రోజు ఆ బ్రేకు గురించే మాట్లాడతాను. నూనెతో పనిచేసే డిస్కు బ్రేకు, అంటే హైడ్రాలిక్ బ్రేకు గురించి.

ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఊరి నుంచి తిరిగొచ్చాక వచ్చే మొదటి ఆదివారం మనలో చాలామంది పిల్లల్ని ఎక్కించుకుని పోయేది డుమస్‌కే. సూరత్ నుంచి ఇరవై కిలోమీటర్ల దూరం, అరేబియా సముద్రం, నల్లటి ఇసుక, దరియా గణేశుడి గుడి, వేడివేడి టమాటా భజియాలు. రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటుంది. ఊళ్లోని ఇరుకు తప్పించుకున్నామన్న ఉత్సాహంలో చెయ్యి తెలియకుండానే యాక్సిలరేటరు తిప్పేస్తుంది. తీరం దగ్గర పడ్డాక మక్క కంకుల బండ్లు, రోడ్డు దాటే పిల్లలు, ఉన్నట్టుండి పక్కకు తిరిగే ఆటోలు. వెనకాల భార్య, ముందు ట్యాంకు మీద చిన్నపిల్ల. రెండు నెలలు కదలని బ్రేకుకు ఆ రోజే మొదటి పరీక్ష పెడుతున్నాం. ఆ పరీక్ష ఇంటి ముందరే, బండి నిలబెట్టి, ముందే పెట్టుకోవాలి.

లివరు నొక్కితే ఏం జరుగుతుందో ముందు చూద్దాం. హ్యాండిల్ దగ్గర చిన్న నూనె డబ్బా, దాని కింద మాస్టర్ సిలిండర్ ఉంటాయి. లివరు నొక్కితే సిలిండర్ లోపలి చిన్న పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ను ముందుకు తోస్తుంది. ద్రవం నలగదు, కుదించుకుపోదు. ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి గొట్టం పొడవునా అంతే బలంగా అందుతుంది. పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రమే ఇది. చక్రం దగ్గర కాలిపర్‌లో ఉన్న పెద్ద పిస్టన్లు కదిలి, ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి. మాస్టర్ పిస్టన్ వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, కాలిపర్‌లో 27 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండు అనుకోండి. వాటి వైశాల్యం దీనికి తొమ్మిది రెట్లు. బలం తొమ్మిది రెట్లవుతుంది, కదలిక మాత్రం తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఇక్కడ చిన్న పిస్టన్ ఒక మిల్లీమీటరు జరిగితే అక్కడ ప్యాడు కదిలేది మిల్లీమీటరులో తొమ్మిదో వంతే.

ఈ లెక్క మనసులో ఉంచుకుంటే గాలి బుడగ ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. గాలి నలుగుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు గొట్టంలో వాతావరణ పీడనానికి ఇరవై, ముప్పై రెట్ల ఒత్తిడి పుడుతుంది. అర మిల్లీలీటరు గాలి లోపలుంటే, ఆ ఒత్తిడికి దాదాపు లేనట్టుగా కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ పూడ్చడానికే మాస్టర్ పిస్టన్ నాలుగు మిల్లీమీటర్లు వృథాగా నడవాలి. ఆ పిస్టన్ మొత్తం నడకే పది, పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే చెంచాలో పదో వంతు గాలి మీ బ్రేకులో మూడో వంతు మింగేసింది. లివరు హ్యాండిల్ దాకా వచ్చి ఆనుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే.

మరి నిలబెట్టిన బండిలో ఏం చెడిపోతుంది? అన్నింటికన్నా ముందు నూనె. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ, మామూలు బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. వీటికి గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో, ఇదీ అలాగే. రబ్బరు గొట్టం గోడల్లోంచి, డబ్బా మూత సందుల్లోంచి తేమ కొంచెం కొంచెంగా చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 4 నూనె 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. కంటికి ఏమీ కనిపించదు. నూనె కాఫీ రంగులోకి మారితే పాతబడిందని ఎలాగూ తెలుస్తుంది. తేటగా ఉన్నంత మాత్రాన నీరు చేరలేదని నమ్మడానికి మాత్రం లేదు.

ఆ నీరు లోహాన్ని కూడా తింటుంది. కాలిపర్ పిస్టన్ మీద చిన్న చిన్న తుప్పు మచ్చలు లేస్తాయి. పిస్టన్ చుట్టూ నలుచదరపు అంచున్న రబ్బరు సీలు ఒకటి ఉంటుంది. లివరు వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, ఆ సీలే. పిస్టన్ ముందుకు జరిగినప్పుడు అది కొద్దిగా మెలి తిరిగి, ఒత్తిడి పోగానే యథాస్థానానికి వస్తూ పిస్టన్‌ను వెంట తెచ్చుకుంటుంది. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! నెలల తరబడి కదలకపోతే ఆ సీలు పిస్టన్‌కు అంటుకుపోతుంది. డుమస్ గాలిలోని ఉప్పు, చక్రం ఎగజల్లిన నల్ల ఇసుక బయటి నుంచి వచ్చి పిస్టన్ అంచున పేరుకుంటాయి. కాలిపర్ పక్కలకు జరగడానికి ఉన్న పిన్నుల్లో గ్రీజు ఎండిపోతుంది. ఇవన్నీ కలిసి బ్రేకును నీరసపరుస్తాయి.

ఇక రోగం గుర్తుపట్టడం. చాలామంది గరాజుకు పోయి, "అన్నా, బ్రేకు పడతలేదు, జర చూడు" అని వదిలేస్తారు. మెకానిక్ కాసేపు లివరు పంపు కొట్టి, నాలుగు చుక్కల నూనె పోసి, "అయిపోయింది తమ్మీ" అంటాడు. రెండు రోజులకు కథ మళ్లీ మొదటికొస్తుంది. తప్పు ఆయన ఒక్కడిదే అనను. లివరు ఎలా తగులుతోందో మనం చెప్పలేకపోయాం. ఆ ఒక్క వివరంతో సగం పని తేలిపోతుంది.

లివరు మెత్తగా ఉండి, నాలుగైదు సార్లు పంపు చేస్తే గట్టిపడుతోందా? లోపల గాలి ఉంది. లివరు ముందే గట్టిగా ఉంది, ఎంత బలంగా నొక్కినా బండి మాత్రం ఆగడం లేదా? అయితే నూనెను తప్పు పట్టకండి. ప్యాడ్ల ముఖం గాజులా నునుపెక్కిందో, వాటి మీద చైన్ స్ప్రే పడిందో, పిస్టన్లో పిన్నులో బిగుసుకుపోయాయో చూడాలి. మూడోది అన్నింటికన్నా చెడ్డది. లివరు నొక్కి అలాగే పట్టుకుంటే అది మెల్లగా, ఆగకుండా హ్యాండిల్ వైపు కుంగుతోంది, బయట ఎక్కడా నూనె కారడం లేదు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు పాడైంది, నూనె దాని పక్క నుంచి వెనక్కి జారిపోతోంది. ఆ బండిని రోడ్డెక్కించకూడదు. ఎంత గాలి తీసినా అది బాగుపడదు, లోపలి కిట్టు మార్చాల్సిందే. నాలుగో రకం కూడా ఉంది. బ్రేకు పడుతుంది కానీ వదలదు, చక్రం చేత్తో తిప్పితే బిగదీసినట్టుంటుంది. మాస్టర్ సిలిండర్‌లో నూనె డబ్బాలోకి తిరిగిపోయే సన్నటి రంధ్రం ఉంటుంది, సూది మొనంత. పాత నూనె గడ్డకట్టి దాన్ని మూసేస్తే ఒత్తిడి విడుదల కాదు. పిస్టన్ బిగుసుకున్నా అచ్చం ఇలాగే ఉంటుంది.

బాగుచేసేటప్పుడు చాలామంది ముందు నూనె డబ్బా మూత తీస్తారు. నేనైతే చక్రం దగ్గర మొదలుపెట్టమంటాను. కాలిపర్ రెండు బోల్టులు విప్పి డిస్కు నుంచి బయటికి తీయండి. గొట్టం మీద దాని బరువు పడకుండా ఒక తాడుతో కట్టండి. ప్యాడ్లు తీసి చూడండి. మధ్యలోని గీత అరిగిపోయిందంటే, లేదా మందం ఒక మిల్లీమీటరుకు వచ్చిందంటే అవి అక్కరకు రావు. నూనె పీల్చుకున్న ప్యాడును కాల్చి, కడిగి వాడే అలవాటు కొందరికుంది. వద్దు. కొత్తవి వేసుకోండి. పైపైన నునుపెక్కినవైతే చదునైన బండ మీద గరుకు కాగితం పరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నాలుగు రాపిళ్లు రాపితే చాలు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి నోటితో ఊదకండి.

ఇప్పుడు పిస్టన్లు. ప్యాడ్లు లేకుండా లివరును మెల్లగా నొక్కితే పిస్టన్ కొంచెం బయటికొస్తుంది. పూర్తిగా ఊడిపోయేంత నొక్కవద్దు. బయటికొచ్చిన ఆ గుండ్రటి గోడ మీదే మట్టి, ఉప్పు కనిపిస్తాయి. పాత టూత్‌బ్రష్షు, సబ్బు నీళ్లు లేదా బ్రేక్ క్లీనరుతో చుట్టూ తిప్పి కడగండి. ఈ పని చేయకుండా కొత్త ప్యాడ్లు వేయడం కోసం పిస్టన్‌ను లోపలికి తోసేవాళ్లు ఇసుకను సీలు మీద రుద్దుతున్నారన్నమాట. రెండు పిస్టన్లలో ఒకటే కదులుతుంటే కదిలేదాన్ని చెక్క ముక్కతో ఆపి, మొండిదాన్ని ముందుకూ వెనక్కూ కొన్నిసార్లు నడిపించండి. చేత్తో తోస్తే నెమ్మదిగా లోపలికి పోవాలి. పోకపోతే, లేదా పిస్టన్ మీద గోరుకు తగిలేంత గుంటలుంటే పిస్టన్, సీళ్లు మార్చక తప్పదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెట్రోలు, డీజిలు, ఇంజన్ ఆయిలు, మామూలు గ్రీజు ఈ రబ్బర్లకు విషం. ఒక్క చుక్క పడినా ఉబ్బి బిగుసుకుపోతాయి. జరిగే పిన్నులకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. డిస్కును బ్రేక్ క్లీనరుతో తుడవండి. డిస్కు మీద కనిపించే పలచటి తుప్పు పొర గురించి కంగారు వద్దు, నాలుగు బ్రేకులకు పోతుంది.

అన్నీ బిగించాక నూనె పని. నిలిచిపోయిన బండికి గాలి ఒక్కటే తీసి ఊరుకోవడం సగం వైద్యం, పాత నూనె మొత్తం మార్చేయాలి. డబ్బా మూత మీద డాట్ 3 లేక డాట్ 4 అని రాసి ఉంటుంది. అదే కొనండి, సీలు తీయని చిన్న డబ్బా. అల్మారాలో పోయినేడాది తెరిచిన సగం డబ్బా ఉంటే దాన్ని మరచిపోండి, అది ఏడాదంతా తేమ తాగుతూనే ఉంది. డాట్ 5 అనే సిలికాన్ రకం వీటితో కలవదు, దాని జోలికి పోవద్దు.

ట్యాంకు మీద తడిగుడ్డ పరచండి. బ్రేక్ ఆయిల్ పడితే రంగు లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లు పోయాలి. హ్యాండిల్ తిప్పి డబ్బా సమంగా ఉండేలా పెట్టి మూత తీసి, పాత నూనెను సిరంజితో లాగేసి కొత్తది పోయండి. కాలిపర్ మీద రబ్బరు టోపీ కింద గాలి తీసే నిపుల్ ఉంటుంది. దానికి సరిపడే రింగు పానా పెట్టి, సన్నటి తెల్ల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, గొట్టం రెండో కొసను కొంచెం కొత్త నూనె ఉన్న సీసాలో ముంచండి. ఇద్దరుంటే పని సులువు. ఒకరు లివరు నొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపుల్‌ను పావు చుట్టు వదలాలి, నూనె బుడగలతో సహా బయటికి వస్తుంది. నిపుల్ బిగించాకే లివరు వదలాలి. ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. డబ్బాలో నూనె కింది గీత దాటి దిగకుండా పోస్తూ ఉండండి. గొట్టంలో తేటటి నూనె, ఒక్క బుడగ కూడా లేకుండా వచ్చేదాకా చేయండి.

పాత బండ్ల విషయంలో అనుభవం ఉన్న మెకానిక్‌లు ఒక జాగ్రత్త పాటిస్తారు. గాలి తీసేటప్పుడు లివరు హ్యాండిల్‌కు తగిలేంత దూరం పోనివ్వకుండా మధ్యలో చిన్న చెక్క ముక్క పెడతారు. మామూలుగా పిస్టన్ చేరని లోతుల్లో సిలిండర్ గోడ తుప్పుతో గరుకెక్కి ఉంటుంది. రబ్బరు కప్పు అక్కడిదాకా పోతే చీలుతుంది. నిన్నటిదాకా బాగున్న మాస్టర్ సిలిండర్ గాలి తీసిన మర్నాడే చెడిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఎంత తీసినా ఇంకా కొంచెం మెత్తగా అనిపిస్తే మాస్టర్ సిలిండర్ దగ్గర, గొట్టం కలిసే బోల్టు వంపులో బుడగ చిక్కుకుని ఉండొచ్చు. గాలి పైకి పోయే గుణం కలది కదా. రాత్రికి లివరును నొక్కి హ్యాండిల్‌కు ఒక పట్టీతో కట్టేయండి. తెల్లారి పట్టీ విప్పి, లివరును చిన్నచిన్నగా కదిలిస్తే డబ్బాలోకి సన్నటి బుడగలు లేస్తాయి. చాలా బండ్లలో ఈ చిట్కా పనిచేస్తుంది.

చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండ్ల గురించి రెండు మాటలు. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది కాబట్టి మీ పిల్లల బండి ఆ కోవలోదైతే దానికి అది ఉండే ఉంటుంది. నూనె మార్చే పద్ధతి మామూలుగా ఇదే. కానీ డబ్బా పూర్తిగా ఖాళీ అయి ఏబీఎస్ పెట్టె లోపలికి గాలి పోతే, దాన్ని బయటికి తీయడానికి కంపెనీ సర్వీసు సెంటరులోని పరికరం కావాల్సి రావచ్చు. అక్కడ మొండిపట్టు పట్టకండి.

డుమస్ రోడ్డు చదును. తడిసిన నూనె అక్కడ మరిగేంత వేడెక్కదు, అందుకే లోపం దాగి ఉంటుంది. వానలు పడగానే సూరత్ కుర్రాళ్లు గుంపులుగా సాపుతారా కొండకు పోతారు. అక్కడ ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు పట్టి ఉంచితే కాలిపర్ కాలిపోతుంది. నూనెలోని నీరు ఆవిరవుతుంది. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. పొద్దున గట్టిగా ఉన్న లివరు సాయంత్రం దిగుడులో ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలుగా ఉంటుంది, అందుకే ఎవరూ నూనెను అనుమానించరు. రెండేళ్లకోసారి నూనె మార్చమని కంపెనీలు పుస్తకంలో రాసేది ఇందుకే. ఇంజన్ ఆయిల్‌ను కిలోమీటర్లు లెక్కపెట్టి మార్చే మనం, బ్రేకు నూనె ఎప్పుడు మార్చామంటే తేదీ చెప్పలేం. అది నాకు బాధ కలిగిస్తుంది. ఇంజను ఆగితే బండి తోసుకుంటూ ఇంటికొస్తాం. బ్రేకు పోతే ఆ అవకాశం కూడా ఉండకపోవచ్చు.

ఊరికి పోయే ముందు ఒక గంట కేటాయిస్తే ఈ శ్రమలో చాలావరకు తప్పుతుంది. నూనెకు రెండేళ్లు దగ్గరపడితే పోయే ముందే మార్చండి. పాత నూనెలోని తేమ నెలల తరబడి లోపల కూర్చుని పిస్టన్‌ను తినకుండా ఉంటుంది. కాలిపర్‌ను మంచినీళ్లతో కడిగి, బండి కొంత దూరం నడిపి, బ్రేకు వేస్తూ ఆరబెట్టి, అప్పుడు నీడన నిలపండి. ప్లాస్టిక్ పట్టా గట్టిగా బిగించి కడితే చెమ్మ లోపలే నిలుస్తుంది, కింద గాలి ఆడేలా వదలండి. సూరత్‌లోనే ఉండిపోయిన తమ్ముడికో, పక్కింటి వదినకో తాళం చెవి ఇచ్చి, అప్పుడప్పుడూ లివరు నాలుగుసార్లు నొక్కి వదలమని చెప్పండి. ఆ మాత్రం కదలికకే సీలు అంటుకోకుండా ఉంటుంది. డుమస్ పోయొచ్చిన రోజున కూడా అంతే, కాలిపర్ మీద మంచినీళ్లు పోయండి. నీళ్ల గన్ను ఒత్తిడి మాత్రం సీళ్ల మీదికి వద్దు. బండిని ఇసుకలోకి దింపడం ఎలాగూ మానాలి.

అన్నీ అయ్యాక పరీక్ష. ఎక్కకుండా లివరు గట్టిగా నొక్కి అర నిమిషం పట్టుకోండి, కుంగకూడదు. నిపుల్ చుట్టూ, గొట్టం బోల్టుల దగ్గర పొడిగుడ్డతో తుడిచి చూడండి, తడి ఉండకూడదు. చక్రం ఎత్తి తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. ఆ తర్వాత ఖాళీ గల్లీలో, ఒంటరిగా, హెల్మెట్ పెట్టుకుని, నడక వేగంతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం వేగం పెంచుతూ పది, పదిహేను సార్లు ఆపి చూడండి. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడడానికి కూడా ఇది అవసరం. మర్నాడు పొద్దున మళ్లీ లివరు పట్టి చూడండి. నిన్నటికన్నా మెత్తబడితే ఎక్కడో గాలి లోపలికి పోతున్నట్టే, మళ్లీ విప్పాలి. అలాగే ఉంటే పిల్లల్ని ఎక్కించుకోవచ్చు. సీసాలో మిగిలిన పాత నూనెను మోరీలో పారబోయకండి, గరాజులో వాడిన ఆయిలు పోసే పీపా ఉంటుంది, అక్కడ ఇవ్వండి. కొత్త నూనె పోసిన తేదీని చిన్న కాగితం మీద రాసి సీటు కింద అంటించండి.